జబ్బు దయచేయుము ప్రభువా

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ డైరీ నేను, ప్రభువు తప్ప ఇంకెవరూ చదవకూడదు. ప్రభువు చదివితే మంచిదే. నోటితో చెప్పినవి ఆయన మరిచిపోతున్నట్టున్నాడు. కాగితం మీద ఉంటే, తర్వాత నాకు చెప్పలేదే అనడానికి ఉండదు.

ప్రభువా, కంపెనీ పద్ధతులు పరలోకంలో నీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి నేనే వివరిస్తున్నాను. బొగ్గు బాయిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు పరీక్షించి, వీడు ఇక దిగలేడు, అన్‌ఫిట్ అని రాస్తే, ఆ నౌకరి వాడి కొడుక్కో కూతురికో వస్తుంది. రిటైర్మెంటు మరీ దగ్గర పడ్డాక అన్‌ఫిట్ అయినా ఉపయోగం లేదు. నాకు వచ్చే నెల జరిగే బోర్డే ఆఖరిది. నా కొడుకు ఉపేందర్ బసంత్‌నగర్‌లో సిమెంటు లారీల దగ్గర కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ముప్పై దాటాడు. పొద్దున మనిషిగా వెళ్లి సాయంత్రం సిమెంటు బొమ్మగా వస్తాడు. మొన్న కమాన్‌పూర్ నుంచి వాడికి పిల్లనిచ్చేవాళ్లు వచ్చారు. పర్మినెంటు అయినాక మాట్లాడుదామని చాయ తాగి లేచిపోయారు. వాళ్లు గల్లీ దాటకముందే వాడు సిమెంటు చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

కాబట్టి నాకొక జబ్బు కావాలి. ఊపిరితిత్తులదైతే శ్రేష్ఠం. గుండెది వద్దు, ప్రమాదం. కాళ్లు పడిపోయేది వద్దు, రిటైరయ్యాక మా చర్చి సంఘం పనులు చూసుకోవాలి. బోర్డు డాక్టర్లకు కనిపించాలి, వాడికి నౌకరి వచ్చాక తగ్గిపోవాలి. ఇంత విడమరిచి చెప్పాక పొరపాటు జరగడానికి వీల్లేదు.

నేను సర్దార్‌ని. షిఫ్టు మొదట్లో ఎవరు ఎక్కడికి పోవాలో, ఏం చెయ్యాలో చెప్పేది నేనే. పని చెప్పేటప్పుడు తికమక లేకుండా చెప్పాలి. అది మనుషులకైనా, పైవాడికైనా ఒకటే.

ఈ నెలంతా గర్వం మీద వాక్యం చెప్తానని పాస్టర్ అయ్యగారు ప్రకటించారు. ఈ రోజు ఫరో. ఆ దేవుడెవరు, ఆయన మాట నేనెందుకు వినాలి అన్నవాడు రథాలతో సహా సముద్రంలో ఎలా మునిగాడో కళ్లకు కట్టారు. ఎవరిని చూసి చెప్తున్నారో నాకు వెంటనే తెలిసిపోయింది. మగవాళ్ల వైపు మొదటి వరసలో ముత్యం కూర్చున్నాడు. మా ఆవిడ సారవ్వకు పెదనాన్న కొడుకు, అంటే నాకు బామ్మర్ది. నా బాయిలోనే పని, నా సంఘంలోనే పాట. గొంతు బాగుంటుందని వాడికి లోపల పొగరు. వాక్యం వాడికి బాగా తగిలింది. తలవంచుకుని ఏడ్చాడు కూడా.

ఫిబ్రవరి 5, బుధవారం

దగ్గడం మొదలుపెట్టాను. ఇది అబద్ధం కిందికి రాదు. లేనివాటిని ఉన్నట్టే పిలవడం విశ్వాసమని వాక్యం ఉంది. నేను జబ్బును ముందే పిలుస్తున్నాను, అంతే.

సారవ్వకు అసలు సంగతి చెప్పలేదు. ఆమెకు కడుపులో మాట దాగదు. శుక్రవారం స్త్రీల కూటంలో నిలబడి, మా ఆయనకు జబ్బు రావాలని మొక్కండక్కా అని అందరికీ చెప్పేస్తుంది. ఉపేందర్‌కు కూడా చెప్పలేదు. తెలిసిన వాళ్లెంత తక్కువైతే ప్రభువుకు అంత సులువు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ రోజు ఉజ్జియా రాజు కథ. రాజునే కదా అని గుడిలోకి చొరబడి, యాజకులు చేయాల్సిన ధూపం తానే వేయబోయాడు. వద్దంటే కోప్పడ్డాడు. నుదుటి మీద కుష్ఠు లేచింది. ముత్యానికి మళ్లీ తగిలింది. పాటలో చరణాలు తన ఇష్టం వచ్చినట్టు పెంచేవాడికి ఇంకేం చెప్పాలి.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. స్వస్థత ప్రార్థనలు ఎప్పుడూ నాతోనే చేయిస్తారు, నా నోటికి బలం ఉందని అందరికీ తెలుసు.

"గిద్యోనన్నా, ఒక్క మాట. మీరు ప్రార్థనల ఆజ్ఞాపిస్తున్న, ఆజ్ఞాపిస్తున్న అంటరు గదా. ఎవరిని ఆజ్ఞాపిస్తున్నరు? రోగాన్నా, దేవున్నా?"

"రోగాన్నే అయ్యగారూ."

"మరి ఎప్పుడు జూసినా పైకి జూసి వేలు జూపిస్తరేంది?"

నవ్వుతూనే అన్నారు కాబట్టి మెచ్చుకోలుగానే తీసుకున్నాను. గట్టయ్య అని మా అవ్వ పెట్టిన పేరు తీసేసి గిద్యోను అని నాకు బాప్తిస్మమిచ్చింది ఈ అయ్యగారే. బాయి మీద హాజరు వేసే మస్టర్ దగ్గర మాత్రం అందరూ ఇంకా గట్టన్న అనే పిలుస్తారు.

ఫిబ్రవరి 10, సోమవారం

నా పేరు గల ఆ గిద్యోను ఏం చేశాడో గుర్తొచ్చింది. దేవుని మాట మీద నమ్మకం కుదరక కళ్లంలో గొర్రెబొచ్చు పరిచాడు. బొచ్చు మాత్రమే తడవాలి, నేల పొడిగా ఉండాలన్నాడు. తెల్లారి అలాగే జరిగింది. చాలక, రేపు బొచ్చు పొడిగా ఉండాలి, నేల తడవాలన్నాడు. అదీ జరిగింది. దేవుడు ఏమీ అనలేదు. అంటే అడగొచ్చు.

మా గల్లీలో మంచు కంటే బొగ్గు పొడి ఎక్కువ పడుతుంది. అందుకని గుర్తును ఈ ఊరికి తగినట్టు కొంచెం మార్చాను. సాయంత్రం కొత్త తెల్ల తువ్వాల డాబా పిట్టగోడ మీద పరిచాను. పొద్దున్నకల్లా నల్లబడితే, నా విన్నపం ఆమోదం పొందినట్టు.

ఫిబ్రవరి 11, మంగళవారం

నల్లబడింది! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తువ్వాల పట్టుకుని కిందికి పరుగెత్తి సారవ్వకు చూపించాను.

"ఓపెన్‌కాస్ట్ బాయి పక్కన ఇల్లు. ఆరేసిన తువ్వాల నల్లగ గాక పసుపుపచ్చగైతదా?" అంది. "కొత్త తువ్వాల ఎవలన్న బయట పడేస్తరా?"

ఆత్మ సంబంధమైన విషయాలు ఆమెకు అందవు. అయినా గిద్యోను రెండుసార్లు అడిగాడు కాబట్టి నేనూ రెండోసారి అడిగాను. ఈసారి పిట్టగోడంతా నల్లగా ఉండి, తువ్వాల ఒక్కటే తెల్లగా ఉండాలి. ఇది మామూలుగా జరిగే పని కాదు.

ఫిబ్రవరి 12, బుధవారం

జరిగింది. గోడ మీద వేలితో గీస్తే చార పడుతోంది. తువ్వాల మాత్రం మల్లెపువ్వు. దగ్గరకు తీసుకుంటే ఒక సువాసన కూడా వచ్చింది. మోకాళ్ల మీద పడ్డాను.

సాయంత్రం సారవ్వ అంది, "పొద్దుగాల లేవంగనే నీ తువ్వాల మంచిగ సబ్బు బెట్టి పిండి ఆడనే ఆరేసిన, జూసినవా?"

కొంచెంసేపు ఆలోచించాను. బైబిల్లో ప్రభువు మాట్లాడడానికి గాడిద నోటిని కూడా వాడుకున్నాడు. సారవ్వ చేతిని వాడుకోవడంలో ఆశ్చర్యమేముంది? గుర్తు గుర్తే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

నా దగ్గు సరిగ్గా రావడం లేదు. గొంతు నుంచి వస్తోంది, ఛాతీ నుంచి రావాలి. ఉపేందర్ విని, "బాపూ, నీళ్లు తాగు, పొలమారింది" అన్నాడు.

అందుకే ముత్యాన్ని చూసి నేర్చుకుంటున్నాను. వాడూ ఇదే బోర్డుకు వస్తున్నాడు, కూతురు దీపకు నౌకరి రావాలని. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్ల. నటించడంలో ముత్యం దిట్ట అని ఒప్పుకోవాలి. బాయి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకుంటాడు. మాట మధ్యలో ఊపిరి కోసం నోరు తెరుస్తాడు. నిన్న మస్టర్ వెనకాల ఒక్కడే కూర్చుని ఉండగా కిటికీలోంచి గమనించాను, అప్పుడూ దగ్గుతున్నాడు. చూసేవాళ్లెవరూ లేకపోయినా సాధన మానడు. ఈ మధ్య పాటలో పై స్వరం కూడా వదిలేశాడు. నౌకరి కోసం గొంతునే పణంగా పెట్టాడంటే పట్టుదల ఎంతుందో చూడు.

దగ్గరకు వెళ్లి నేనూ దగ్గాను. వాడి ముఖం చిన్నబోయింది.

"నీక్కూడ షురువైందా బావా? పండుకుంటె గుండె మీద ఎవలో కూసున్నట్టు ఐతదా?"

"ఐతది" అన్నాను, గుర్తుపెట్టుకుంటూ.

"తలకింద మెత్తలు రెండు పెట్టుకో. జెర కూసున్నట్టు పండుకో. మిరియాల కషాయం మా దీపతోని పంపిస్త."

పంపించాడు కూడా. నేను దాన్ని పెరట్లో పారబోశాను. పొరపాటున ఛాతీ బాగుపడితే?

ఫిబ్రవరి 16, ఆదివారం

సంఘమంతా నా దగ్గు విన్నారు. అయ్యగారు నన్ను ముందుకు పిలిచి, అందరం గిద్యోనన్న ఛాతీ కోసం చేతులు చాపి ప్రార్థన చేద్దామన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడ రెండు వందల మంది. అంతమంది ఒకేసారి అడిగితే ప్రభువు మొహమాటపడి బాగుచేసేస్తాడు.

"వద్దు, వద్దు! నా కోసం ఎవ్వరూ ప్రార్థన చెయ్యొద్దు. చేతులు దించుండ్రి!" అని అరిచాను.

చాపిన చేతులు దిగాయి. అయ్యగారు మైకు అందుకున్నారు. "చూసిండ్రా ప్రియులారా! ఇదీ తగ్గింపు అంటే. తన బాధ దేవునికి గూడ భారం కావద్దనుకుంటున్నడు." స్త్రీల వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అన్నారు. ముసలవ్వలు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

గర్వం మీద వాక్యం జరుగుతున్న నెలలో సంఘమంతటికీ నేనే ఉదాహరణగా నిలిచాను. ఇంత తగ్గింపు ఉన్నవాడు ఈ కోల్ బెల్టులో ఇంకొకడు లేడని నాకే అనిపించింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సారవ్వ అన్నం తినడం లేదు. అడిగితే ఆకలి కాలేదంటుంది. పోయిన శుక్రవారం కూడా ఇంతే. ఉపేందర్ నౌకరి కోసం ఉపవాసం పట్టిందేమో. మంచిదే. నా ప్రార్థనకు కింద నుంచి కొంత ఆసరా.

ఫిబ్రవరి 23, ఆదివారం

నెబుకద్నెజరు. మేడ మీద తిరుగుతూ, ఇంత పట్టణాన్ని నా బలంతో నేనే కట్టాను అనుకున్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే బుద్ధి పోయి, పశువులా గడ్డి మేశాడు. గోళ్లు పక్షి గోళ్లలా పెరిగాయి. చివరికి కళ్లు పైకెత్తి, నీవు చేసేది చెయ్యి, నిన్ను అడిగేవాడెవడు అని ఒప్పుకున్నాకే బుద్ధి తిరిగొచ్చింది. పెద్ద రాజు గడ్డి మేస్తుంటే సేవకులు ఎలా చూస్తూ నిలబడి ఉంటారా అని నాకు నవ్వాగలేదు.

ఆరాధన చివర్లో ముత్యం లేచాడు. సాక్ష్యం చెప్పడానికేమో అనుకున్నాను. మైకు దాకా రావడానికే వాడికి చాలాసేపు పట్టింది. ఇంత మందిలో ఆ నటన అవసరమా?

"బావ నా కోసం ప్రార్థన చెయ్యాలె" అన్నాడు. "నాకు నౌకరి సంగతి గాదు. ఊపిరి కావాలె. బావ నోట్ల బలమున్నది."

వేదిక మీదినుంచే మైకు పట్టుకుని చేశాను. రోగమా, వెళ్లిపో అని ఆజ్ఞాపించాను. మైకు కీచుమంది. అందరూ హల్లెలూయ అన్నారు. లోపల మాత్రం ప్రభువుకు అసలు సంగతి చెప్పాను: ఇదంతా బోర్డు కోసం వాడు ఆడే నాటకం, వాడికి ఏ జబ్బూ లేదు, ఇది లెక్కలోకి తీసుకోవద్దు, నీ దృష్టంతా నా పని మీదే ఉంచు.

ఫిబ్రవరి 27, గురువారం

ఛాతీ ఇంకా గుర్రంలా ఉంది. ఏం చేస్తున్నావు ప్రభువా?

మార్చి 2, ఆదివారం

జ్వరమైనా రాలేదు. షిఫ్టులో మెట్లు గబగబా ఎక్కి చూశాను, ఆయాసం వస్తుందేమోనని. రాలేదు. కుర్రాళ్లు, "గట్టన్న జవాన్ అయిండు" అని ఈలలు వేశారు.

ఇప్పటికి గుర్తు ఇచ్చావు, రెండుసార్లు. గుర్తు ఇచ్చి పని చేయకపోతే మా దగ్గర దాన్ని డ్యూటీ ఎగ్గొట్టడం అంటారు. నేనైతే అలాంటి మనిషికి హాజరు వేయను. కోపంగా అనడం లేదు, గుర్తుచేస్తున్నాను.

మార్చి 6, గురువారం

బోర్డు ఈ రోజే. పొద్దున్నే బస్టాండుకు షేర్ ఆటోలో పోయాం, నేను, ముత్యం, దీప. సారవ్వ ఇద్దరికీ కలిపి సద్ది కట్టింది. గడప దగ్గర నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

వంతు వచ్చాక డాక్టరు నా ఛాతీ ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పెట్టి చూశాడు. నేను దగ్గాను. గొట్టంలో ఊదమన్నాడు. మెల్లగా ఊదాను. "పెద్దాయనా, సరిగ్గా ఊదు" అన్నాడు. అయినా మెల్లగానే ఊదాను. ఆయన నా వీపు తట్టి, దగ్గు అన్నాడు, ఇంకా దగ్గు అన్నాడు. చివరికి నవ్వాడు.

"ఇన్నేళ్లు అండర్‌గ్రౌండ్‌లో చేసిన వాళ్లలో ఇంత శుభ్రమైన ఛాతీ నేను చూడలేదు. నీకు దేవుని దయ బాగా ఉంది."

"ఇంకోసారి చూడండ్రి సార్" అన్నాను.

"ఎన్నిసార్లు చూసినా అదే. హాయిగా డ్యూటీ చేసుకో."

ముత్యం లోపల చాలాసేపు ఉన్నాడు. వాణ్ని చూసిన డాక్టరు ఇంకో డాక్టరును పిలిచాడు. సాయంత్రానికి తెలిసింది. వాడు అన్‌ఫిట్. నేను ఫిట్.

తిరుగు బస్సులో దీప కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నౌకరి వచ్చిన పిల్ల ముఖం అలా ఉంటుందా అనుకున్నాను. ముత్యం మాత్రం నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బదలాయించుకుందామా బావా? నీ ఛాతి నాకియ్యి. నౌకరి నువ్వు తీస్కో."

నటనలో గెలిచి, పైగా నాకు వెక్కిరింపు. నేను వాడి చెయ్యి తీసేశాను.

మార్చి 7, శుక్రవారం

యోనా కథ వచ్చినప్పుడల్లా అయ్యగారు నవ్వుతారు, నాశనం చేస్తానన్న పట్టణాన్ని దేవుడు క్షమిస్తే అలిగి కూర్చున్నాడని. యోనాదే న్యాయం. ఒక మాట అని, ఇంకో పని చేస్తే ఎవడికైనా మండుతుంది. నాకు చచ్చేంత కోపంగా ఉంది, ఉండడం సబబే.

ప్రభువా, నేను అడిగింది ఏమిటి? నువ్వు చేసింది ఏమిటి? ఎవరికి ఏది ఇవ్వాలో చూసుకోకుండా అటుది ఇటు, ఇటుది అటు చేశావు.

ఇది రాస్తుండగా సారవ్వ వచ్చింది. గిన్నె నిండా పాయసం. వీధిలో అందరికీ పంచుతోంది. ఎందుకన్నాను.

"నువ్వు మంచిగున్నవని డాక్టరే చెప్పిండట గదా. అన్ని శుక్రవారాలు ఉపాసమున్న. కూటంల మా ఆడోళ్లందరం పట్టుబట్టినం, నీ ఛాతి బాగు జెయ్యుమని. ఇన్నడు ప్రభువు!"

నా తల తిరిగిపోయింది. "ఎవలు జెయ్యమన్నరే నిన్ను ప్రార్థన? నా మీద ప్రార్థన చెయ్యొద్దని సంఘంల అందరి ముంగట చెప్తి గదా!"

"నువ్వు తగ్గింపుతోని అన్నవనుకున్న."

"ఏం తగ్గింపే! జబ్బు గావాలని అడుగుతున్న నేను! కొడుకు నౌకరి కోసం! నువ్వు పోయి అంత పాడు జేస్తివి!"

ఆమె గిన్నె కింద పెట్టింది. ఆ దగ్గు ఉత్తదేనా అంది.

"నువ్వు దగ్గినప్పుడల్ల నేను లేసి కూసున్న. ఊపిరి ఆడుతుందా లేదా అని నీ ముక్కుకాడ చెయ్యి పెట్టి జూసిన. కొడుకుకు నౌకరి లేకపోతె ఏమాయె, ఏదన్న జేసుకుంటడు. నువ్వు లేకపోతె నేనేం జేద్దు?" ఆమె ఏడుస్తోంది, కానీ గొంతు తగ్గలేదు. "దేవునికి పని చెప్తవా నువ్వు? నువ్వేమన్న ఆయనకు సర్దారువా?"

స్వస్థత వరమున్న పెద్దను, ప్రార్థన చేసినందుకు ఇంట్లో ఆడమనిషిని తిట్టానని బయటికి పోతే సంఘంలో నా ముఖం ఎలా ఉంటుంది? ఆమె ఎవరికీ చెప్పదు. ఈసారి దాస్తుందనే అనిపించింది.

మార్చి 8, శనివారం

ఉపేందర్‌కు తల్లి అంతా చెప్పేసింది. వాడు డ్యూటీకి పోతూ గేటు దగ్గర ఆగాడు.

"నాకు మస్తు ఆశ ఉండె బాపూ. అబద్ధమెందుకు చెప్పాలె." కొంచెం ఆగాడు. "గని అవ్వ మొఖం జూస్తె, నువ్వు అన్‌ఫిట్ ఐతె బాగుండునని ఎట్ల అనాలె నేను?"

బండి తీసుకుని వెళ్లిపోయాడు. వాడి చొక్కా మెడ దగ్గర సిమెంటు గట్టిపడి ఉంది. ఎంత ఉతికినా పోదు. నేను వాడికి ఏమీ చేయలేకపోయాను. ఇది రాయడం కూడా చేతకావడం లేదు.

ఈ పూట ప్రార్థన చేయలేదు.

మార్చి 9, ఆదివారం

వెళ్లకూడదనుకున్నాను. సారవ్వ నాతో మాట్లాడకుండానే ఇస్త్రీ చొక్కా కుర్చీ మీద పెట్టింది. వెళ్లాను.

సాక్ష్యాల సమయంలో అయ్యగారు మొదట నన్నే పిలిచారు. బోర్డు డాక్టర్లు సైతం సాక్ష్యమిచ్చిన స్వస్థత అని చెప్పారు. చప్పట్లు. మైకు ముందు నిలబడి, దేవునికి స్తోత్రం, నేను బాగున్నాను అన్నాను. నా జీవితంలో ఇంత చిన్న సాక్ష్యం ఎప్పుడూ చెప్పలేదు. స్త్రీల వైపు చూశాను. సారవ్వ తలవంచుకుని ఉంది.

తర్వాత ముత్యం. లేవలేకపోయాడు. దీప పట్టుకుని తీసుకొచ్చింది. దీపకు నౌకరి ఇచ్చినందుకు వందనాలు అన్నాడు. ఆ మాట పూర్తి కావడానికి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు కూడా నేను, అయిపోయింది కదా, నౌకరి వచ్చింది కదా, ఇంకా ఎందుకీ నాటకం అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

"బావా, ఇంకోసారి" అన్నాడు. "నెత్తి మీద గాదు. వీపు మీద చెయ్యి పెట్టి చెయ్యి. ఆడనే నొస్తది."

ఇన్నాళ్లూ వాణ్ని కిటికీలోంచి, వేదిక మీదినుంచి చూశాను తప్ప ఒక్కసారీ ఒంటి మీద చెయ్యి వేసి చూడలేదు. వీపు మీద చెయ్యి పెట్టాను. చొక్కా కింద ఎముకలు చేతికి తగిలాయి. ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఎవరో కంకర జల్లెడ పడుతున్నట్టు గరగరమంది. నా అరచేయి ఆ అదురుకు కదిలింది. గొంతుతో చేసేది కాదు అది. ఎవడూ చేయలేడు. నేను నెల రోజులు ప్రయత్నించాను కదా, నాకు తెలుసు.

వాడు చచ్చిపోతున్నాడు. నా పక్కనే మెట్లెక్కుతూ, నాకు కషాయం పంపిస్తూ చచ్చిపోతున్నాడు. వీడికి ఏ జబ్బూ లేదు, పట్టించుకోవద్దని దేవుడికి చెప్పింది నేను.

సంఘమంతా కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఆజ్ఞాపిస్తున్నాను అనే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. చూపించడానికి లేచిన వేలు దానంతటదే ముడుచుకుంది. పుస్తకాల తెలుగంతా ఎక్కడికి పోయిందో తెలియదు. మా అవ్వతో మాట్లాడినట్టు మాట్లాడాను.

"ప్రభువా, ఆనాడు నేనేదో చెప్పిన గదా. అది ఇనకు. నేను చెప్పింది ఏదీ ఇనకు. వీనికి ఊపిరియ్యి. ఇస్తవో, ఇయ్యవో... నాకు తెల్వది. నా మాట మాత్రం ఇనకు."

మైకు దగ్గరగా ఉంది. అందరికీ వినిపించింది. కళ్లు తెరిచి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అయ్యగారు కూడా చేతిలో పుస్తకం అటూ ఇటూ మార్చుకున్నారు. ఇన్నేళ్లలో నా ప్రార్థనకు ఆమేన్ రాకపోవడం ఇదే మొదటిసారి.

ముత్యం ఒక్కడే, దగ్గు ఆగేదాకా ఆగి, "ఆమేన్" అన్నాడు.